ఒక రిక్వెస్టుకు ఒక వరుస

1745303400000,412,ఫలితాల పేజీ,200,ఓకే,విద్యార్థులు 1-37,టెక్స్ట్,ట్రూ,,18342,611,500,500,పేజీ చిరునామా,398,0,41

లోడ్ టెస్టింగ్ ఫలితాల ఫైలులో ఒక వరుస ఎలా ఉంటుందో చూపడానికి రాసిన నమూనా ఇది. అసలు ఫైలులో మాటలన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉంటాయి. పదహారు కామాలు, వాటి మధ్య పదిహేడు గడులు. ఒక విద్యార్థి హాల్ టికెట్ నంబరు కొట్టి బటన్ నొక్కిన క్షణం నుంచి మార్కుల పేజీ చివరి బైటు చేతికందేదాకా ఏం జరిగిందో ఈ ఒక్క వరుస చెబుతుంది. ఆ విద్యార్థి నిజం మనిషి కాదు. జేమీటర్ అనే ప్రోగ్రాం పుట్టించిన ఐదు వందల మంది ఉత్తుత్తి విద్యార్థుల్లో ముప్పై ఏడోవాడు. ఇలాంటి వరుసలు లక్షల్లో పేర్చిన ఫైలును ఎక్సెల్‌లో తెరిచి చదువుకునేలా తీర్చడం వెనక ఎంత ఆలోచన ఉందో విప్పి చూడాలని ఎప్పటినుంచో నా కోరిక.

ముందు ఇది ఎందుకు పుట్టిందో చూద్దాం. తెలంగాణ ఇంటర్ పరీక్షలు రెండు సంవత్సరాలవీ కలిపి తొమ్మిది లక్షల మందికి పైగా రాస్తారు. 2025లో ఏప్రిల్ 22న ఫలితాలు వచ్చాయి. అలాంటి రోజున హైదరాబాద్ తూర్పు అంచున మా చెంగిచెర్లలో, బోడుప్పల్‌లో, ఉప్పల్, నాచారం కాలనీల్లో పిల్లలూ తల్లిదండ్రులూ ఫోన్లు పట్టుకుని ఒకే నిమిషంలో ఒకే పేజీ మీదికి వస్తారు. ఏడాదిలో మిగతా రోజులన్నీ నిమ్మళంగా నడిచే సర్వర్ మీద ఆ ఒక్క గంటలో పడే బరువు వేరు. ఆ బరువును నెల ముందే కృత్రిమంగా మోపి, ఎక్కడ కుంగుతుందో కనిపెట్టడమే లోడ్ టెస్టింగ్.

ఈ పని హైదరాబాద్‌కు కొత్త కాదు. సాఫ్ట్‌వేర్ పరీక్షించడమే ప్రధాన వ్యాపారంగా శశి రెడ్డి 2001లో స్థాపించిన యాప్‌ల్యాబ్స్ ఇక్కడే పెరిగింది. 2011లో దాన్ని అమెరికా సంస్థ సీఎస్‌సీ కొనుక్కుంది. అదే బాటలో ఎదిగిన సిగ్నిటి కూడా హైదరాబాద్‌లో పెరిగిన సంస్థే. ఉప్పల్‌లో జెన్‌ప్యాక్ట్, కాస్త ముందుకెళ్తే పోచారంలో ఇన్ఫోసిస్ ఉన్న ఈ తూర్పు వైపు కూడా టెస్టింగ్ ఉద్యోగాలు చేసేవాళ్ల ఇళ్లు తక్కువేమీ కాదు. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో మొదలయ్యాక, ఉప్పల్‌లో ఎక్కి అమీర్‌పేటలో దిగి కోచింగ్ సెంటర్లలో లోడ్‌రన్నర్, జేమీటర్ నేర్చుకుని వచ్చే కుర్రాళ్లకు దారి సులువైంది. లోడ్‌రన్నర్ మెర్క్యురీ ఇంటరాక్టివ్ తయారు చేసిన ఖరీదైన సరుకు. 2006లో హెచ్‌పీ ఆ సంస్థనే కొనేసింది. జేమీటర్ మాత్రం అపాచీ సంస్థ గొడుగు కింద అందరికీ ఉచితం. 1998లో స్టెఫానో మజ్జోకి దాన్ని మొదలుపెట్టింది అపాచీవాళ్ల జేసర్వ్ అనే సర్వర్ భాగం ఎంత వేగంగా పనిచేస్తుందో కొలవడానికే.

ఇక వరుసలోకి వెళ్దాం. మొదటి గడిలో పదమూడు అంకెలున్నాయి. 1970 జనవరి 1 అర్ధరాత్రి గ్రీన్‌విచ్ కాలం నుంచి గడిచిన మిల్లీసెకన్లవి. తేదీని తేదీలా రాయకుండా ఇంత పొడుగు సంఖ్య ఎందుకు అనిపిస్తుంది. తేదీ రాయడంలో ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. రోజు ముందా నెల ముందా, పన్నెండు గంటలా ఇరవై నాలుగా, ఏ దేశపు సమయం, ఇలా ప్రతిచోటా ఒక సందేహం. ఈ సంఖ్యలో ఏ సందేహానికీ చోటు లేదు. ముంబైలో నడిచిన యంత్రం, సింగపూర్‌లో నడిచిన యంత్రం ఒకే క్షణాన్ని ఒకే సంఖ్యగా రాస్తాయి. రెండు సంఖ్యలను తీసివేస్తే వచ్చేది నేరుగా మిల్లీసెకన్ల తేడా. మనిషి కంటికి ఇంపుగా లేకపోయినా లెక్కకు ఇంతకంటే నిఖార్సైనది లేదు. ఎవరికైనా మామూలు తేదీలే కావాలంటే సెట్టింగుల్లో ఒక్క లైను మారిస్తే అలాగే రాస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన నేర్పు మూడు కాలాల అమరికలో ఉంది. రెండో గడిలోని 412 ఎలాప్స్‌డ్, అంటే రిక్వెస్టు పంపబోయే ముందు నుంచి జవాబు చివరి ముక్క అందేదాకా పట్టిన మొత్తం సమయం. పదిహేనో గడిలోని 398 లేటెన్సీ, జవాబు మొదటి ముక్క అందేదాకా పట్టినది. చిట్టచివరి గడిలోని 41 కనెక్ట్, సర్వర్‌తో లంకె కుదిరేదాకా పట్టినది. సురక్షిత లంకెకు ముందు రెండు వైపులా జరిగే తాళాల మార్పిడి కూడా అందులోనే కలిసి ఉంటుంది. మూడు గడియారాలూ ఒకే క్షణంలో మొదలవుతాయి, ఆగడంలోనే తేడా. అందువల్ల మధ్యలో ఏ దశకు ఎంత పట్టిందో ఉత్త తీసివేతతో తేలిపోతుంది. 398లోంచి 41 తీస్తే 357. లంకె కుదిరాక రిక్వెస్టు చేరి, సర్వర్ ఆలోచించి, డేటాబేస్‌ను అడిగి, జవాబు మొదలుపెట్టడానికి పట్టిన కాలం అది. 412లోంచి 398 తీస్తే 14. పేజీ దిగడానికి పట్టిన కాలం. ఒక్కో దశకు ఒక్కో గడి పెట్టి ఉంటే గడులు పెరిగేవి, మొత్తం రాబట్టడానికి మళ్లీ కూడుకోవాల్సి వచ్చేది. ఒకే మొదలు, మూడు ముగింపులు పెట్టడంతో మొత్తమూ చేతిలో ఉంది, భాగాలూ చేతిలో ఉన్నాయి.

నాలుగో గడిలో 200 అంటే సర్వర్ సరేనంది. ఎనిమిదో గడిలో ట్రూ అంటే పరీక్ష నెగ్గింది. రెండూ ఒకటే కదా అనుకుంటే పొరపాటు. బరువు మీద పడ్డ సర్వర్ చాలాసార్లు మర్యాదగానే 200 అంటూ ఒక పేజీ పంపుతుంది, ఆ పేజీలో మాత్రం 'రద్దీ ఎక్కువగా ఉంది, కాసేపాగి ప్రయత్నించండి' అని ఉంటుంది. విద్యార్థికి మార్కులు దక్కలేదు. అందుకే జేమీటర్‌లో అసర్షన్ అనే భాగాన్ని తగిలిస్తారు. వచ్చిన పేజీలో 'మొత్తం మార్కులు' అన్న మాట ఉందా లేదా అని అది వెతుకుతుంది. లేకపోతే ఎనిమిదో గడిలో ఫాల్స్ అని పడుతుంది, తొమ్మిదో గడిలో ఎందుకో రాసి ఉంటుంది. పైన నమూనాలో రెండు కామాలు పక్కపక్కనే కనిపిస్తున్నది అక్కడే. చెప్పడానికి తప్పేమీ లేదు కాబట్టి గడి ఖాళీ, అయినా దాని చోటు దానిదే. సర్వర్ చెప్పుకున్నది ఒక గడి, మనం చూసి తేల్చుకున్నది వేరే గడి. ఈ రెండింటినీ కలపకుండా ఉంచినవాళ్ల వివేకానికి నమస్కారం పెట్టాలి.

సర్వర్ అసలు నోరే మెదపకపోతే? అప్పుడు నాలుగో గడిలో అంకె ఉండదు. జవాబు రాలేదనీ, గడువు దాటిందనో లంకె తెగిపోయిందనో కారణమూ వాక్యంలాగా పడుతుంది. అంకెలుండాల్సిన చోట మాటలేమిటని ఎక్సెల్ వాడేవాళ్లు మొదట విసుక్కుంటారు. అక్కడ సున్నా వేయడమో ఖాళీగా వదిలేయడమో సులువే, కానీ జవాబు రాకపోవడానికి ఉన్న పది కారణాలూ ఒకటైపోయేవి. ఫిల్టర్ పెట్టి ఆ మాటలను విడదీస్తే, గడువు దాటినవెన్ని, తలుపు దగ్గరే వెనక్కి పంపేసినవెన్ని అన్నది నిమిషంలో తెలుస్తుంది. మొదటిది సర్వర్ నెమ్మదిస్తోందని చెబుతుంది, రెండోది లంకెల పరిమితి నిండిపోయిందని. రెండింటికీ మందు వేరు.

పన్నెండు, పదమూడు గడుల్లో ఉన్న 500, 500 చూడటానికి సాదాగా ఉంటాయి. ఆ క్షణంలో ఆ గుంపులో ఎంతమంది ఉత్తుత్తి విద్యార్థులు పనిలో ఉన్నారు, అన్ని గుంపులూ కలిపి ఎంతమంది అన్నది అందులో ఉంటుంది. ఒకేసారి ఐదు వందల మందినీ దింపకుండా కొద్దికొద్దిగా పెంచుతూ పోతారు కాబట్టి ఈ సంఖ్య నిమిషనిమిషానికీ మారుతుంది. ఎంత బరువు మోపాం అన్నది ఒక ఫైలులో, ఎంత ఆలస్యమైంది అన్నది ఇంకో ఫైలులో ఉంటే రెండింటినీ సమయం చూసి జత కలపడం పెద్ద పని. ఇక్కడ కారణమూ ఫలితమూ ఒకే వరుసలో పక్కపక్కన కూర్చున్నాయి. తర్వాత గీసే ప్రతి గ్రాఫుకూ ప్రాణం పోసేది ఈ గడులే.

వరుస నిర్మాణం ఒక ఎత్తు, దాన్ని రాసే తీరు మరో ఎత్తు. కొలిచే పని కొలతను చెడగొట్టకూడదు. వందల మంది ఉత్తుత్తి విద్యార్థులు ఒకేసారి పనిచేస్తూ, ప్రతి రిక్వెస్టుకూ డిస్కు మీద రాయడానికి ఆగితే, సర్వర్ బలం బదులు మన డిస్కు వేగం కొలిచినట్టవుతుంది. జేమీటర్ దీన్ని మూడు విధాల కాచుకుంది. గడియారం ఆగాకే రాత మొదలవుతుంది కాబట్టి రాసే సమయం 412లో చేరదు. రాసిన వరుస వెంటనే డిస్కుకు పోదు, మెమరీలో పోగుపడి గంపగుత్తగా పోతుంది. వెంటవెంటనే రాయించుకునే వీలూ ఉంది కానీ అది మామూలుగా ఆపి ఉంటుంది. యంత్రం హఠాత్తుగా ఆగిపోతే చివరి కొన్ని వరుసలు పోవచ్చు, అయినా పరీక్ష నడిచినంతసేపూ కొలత శుభ్రంగా ఉండాలన్నదే అక్కడ ఎంపిక. మూడోది, వచ్చిన పేజీ మొత్తాన్ని దాచదు. 18342 అని బైట్ల సంఖ్య మాత్రం రాసుకుని పేజీని వదిలేస్తుంది. మార్కుల పేజీలన్నీ దాచుకుంటే డిస్కు త్వరగా నిండేది. బొమ్మల తెర లేకుండా, కమాండ్ లైన్ మీద, ఫలితాలు నేరుగా ఫైలుకు పోయేలా నడపమని జేమీటర్ తయారుచేసినవాళ్లే చెప్పేది అందుకే. నడుస్తున్నంతసేపూ ముప్పై సెకన్లకోసారి తెర మీద రెండు ముక్కల సారాంశం చూపిస్తుంది. మిగతా బుద్ధంతా ఫైలులోకి పోతుంది.

ఈ తీరు నాకు మా చెంగిచెర్ల డిపో బస్సుల్లో పాతకాలపు కండక్టర్లను గుర్తు చేస్తుంది. స్టేజీ స్టేజీకీ టికెట్ నంబర్లు ఎస్‌ఆర్ అనే లెక్కల కాగితంలో రాసుకుంటూ పోయేవారు. ఎంత వసూలైందన్న లెక్క డిపోలో దిగాకే. రద్దీలో లెక్కలు వేస్తూ కూర్చుంటే టికెట్ కొట్టడం ఆగిపోతుంది, మధ్యలో ఒక స్టేజీ రాయకపోతే తర్వాత ఏ తెలివీ దాన్ని తిరిగి తేలేదు.

వరుసల క్రమంలో ఒక చిత్రం ఉంది. మొదటి గడిలోని సమయం రిక్వెస్టు బయలుదేరినది, వరుస ఫైలులో పడేది మాత్రం రిక్వెస్టు ముగిశాక. కాబట్టి పన్నెండింటికి బయలుదేరి ఇరవై సెకన్లు నలిగిన రిక్వెస్టు, తన తర్వాత బయలుదేరి చకచకా పని ముగించుకున్న వేల రిక్వెస్టుల కింద కనిపిస్తుంది. ఫైలు పైనుంచి కిందికి చదివితే కాలం వెనక్కీ ముందుకీ ఊగుతున్నట్టుంటుంది. తెలిసినవాళ్లు ఎక్సెల్‌లో తెరవగానే ముందు చేసే పని మొదటి గడిని బట్టి వరుసలను సర్దడం.

ఒక్కో రిక్వెస్టునూ విడిగా దాచడం దండగ, సగటు రాసుకుంటే చాలదా అని అడిగేవారుంటారు. వెయ్యి రిక్వెస్టులు తీసుకుందాం. 940 మందికి 400 మిల్లీసెకన్లలో మార్కులొచ్చాయి, 60 మందికి 12,000 మిల్లీసెకన్లు పట్టింది. సగటు 1,096, అంటే ఒక సెకను కంటే కాస్త ఎక్కువ. ఆ ఒక సెకను అనుభవం వెయ్యి మందిలో ఒక్కరికీ లేదు. సగటు చూసి సర్వర్ బాగుందని సంతకం పెడితే, పన్నెండు సెకన్లు తెర వంక చూస్తూ మళ్లీ మళ్లీ బటన్ నొక్కిన 60 మంది లెక్కలోంచి జారిపోయారు. అందుకే ఈ పనిలో పర్సంటైల్ చూస్తారు. రిక్వెస్టులన్నిటినీ వేగం ప్రకారం వరుసలో నిలబెట్టి, వందకు తొంభయ్యో మనిషి దగ్గర ఎంత, తొంభై ఐదో మనిషి దగ్గర ఎంత అని అడుగుతారు. మన లెక్కలో తొంభై దగ్గర 400, తొంభై ఐదు దగ్గర 12,000. ఆ రెండు సంఖ్యల మధ్యే అసలు కథ ఉంది.

ఒక యంత్రం చాలక రెండు మూడు యంత్రాల నుంచి బరువు మోపినప్పుడు విడి వరుసల విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఒక యంత్రం తొంభై ఐదో పర్సంటైల్ 800 అని, ఇంకోటి 3,000 అని చెబితే, రెండూ కలిపి ఎంత? 1,900 అంటే తప్పు. ఆ రెండు సంఖ్యల నుంచి సరైన జవాబు రాబట్టే దారే లేదు. వరుసలుంటే ఒక ఫైలు కింద ఇంకో ఫైలు అతికించి, రెండో ఫైలు పైన గడుల పేర్లున్న హెడర్ వరుస ఒక్కటి తీసేస్తే చాలు, మళ్లీ మొదటి నుంచి లెక్క వేసుకోవచ్చు. పచ్చి వరుసలుంటే సారాంశం ఎప్పుడైనా తీయవచ్చు, సారాంశం ఒక్కటే మిగిలితే వరుసలు ఏ లెక్కతోనూ తిరిగి రావు.

దీనికి ఎదురు పద్ధతిలోనూ నేర్పు లేకపోలేదు. అపాచీ సర్వర్‌తో పాటే వచ్చే ఏబీ అనే చిన్న పరికరంలో 'ఈ' అనే ఆప్షన్ ఇస్తే ఇలాగే కామాలతో విడదీసిన సీఎస్‌వీ ఫైలు ఒకటి రాస్తుంది. పది వేల రిక్వెస్టులు పంపినా పది లక్షలు పంపినా అందులో ఉండేది శాతానికో వరుస, అంతే: ఇంత శాతం రిక్వెస్టులు ఇంత సమయంలోపు తీరాయి అని. రెండు కాలమ్‌లు ఎంచుకుని గ్రాఫు గీస్తే పని అయిపోతుంది. లోకస్ట్ అనే పైథాన్ పరికరం ఒక పేరు చెబితే మొత్తం లెక్కలకొకటి, కాలం గడిచేకొద్దీ మార్పులకొకటి, విఫలమైనవాటికొకటి, ప్రోగ్రాం తప్పులకొకటి, ఇలా నాలుగు సీఎస్‌వీలు ఇస్తుంది. రోజువారీ చూపుకు ఇవి హాయి. పెద్ద రోజుకు సిద్ధమవుతున్నప్పుడు మాత్రం నా ఓటు విడి వరుసలకే.

ఇప్పుడు జేమీటర్ ఫలితాల ఫైలు ఎక్సెల్ గుమ్మం దగ్గరికి వచ్చింది. సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన ఉత్త అక్షరాలు, అంతకు మించి ఏమీ లేదు. 1970ల నుంచే వాడుకలో ఉన్నా, దాని నియమాలను ఆర్‌ఎఫ్‌సీ 4180 పేరుతో ఒక చోట రాసిపెట్టింది 2005 అక్టోబరులోనే. గడి లోపలే కామా వస్తే ఆ గడిని జంట కొటేషన్లలో పెట్టాలి, లోపల కొటేషన్ ఉంటే దాన్ని రెండుసార్లు రాయాలి. తప్పుల సందేశాల్లో కామాలకు కొదవుండదు కాబట్టి జేమీటర్ ఈ నియమాన్ని శ్రద్ధగా పాటిస్తుంది. లేకపోతే ఒక్క కామాతో ఆ వరుసలోని తర్వాతి గడులన్నీ ఒక అడుగు పక్కకు జరిగి, లేటెన్సీ ఉండాల్సిన చోట చిరునామా కూర్చుంటుంది. సంఖ్యల్లో కామాలు లేకుండా 18342 అని రాయడం కూడా ఇందుకే. మనం అలవాటుగా 18,342 అని రాస్తే అవి రెండు గడులైపోతాయి.

ఎక్సెల్‌కు ఒక అతిచొరవ ఉంది. గడిలో ఏముందో అడగకుండానే తేల్చేస్తుంది. 1-12 అని ఉంటే తేదీ అనుకుంటుంది. ఆరో గడిలో ఉత్తుత్తి విద్యార్థిని గుర్తించే థ్రెడ్ పేరులో ముందు 'విద్యార్థులు' అన్న గుంపు పేరు ఉండటంతో ఆ గడి అక్షరాలుగానే నిలిచి, ఆ ప్రమాదం తప్పింది. గడిలోని నంబరు సున్నాతో మొదలైతే ఆ సున్నా ఎగిరిపోతుంది. ఇది ఫలితాల ఫైలుకే పరిమితం కాదు. ఉత్తుత్తి విద్యార్థులకు ఇచ్చే హాల్ టికెట్ల జాబితా కూడా జేమీటర్ సీఎస్‌వీ నుంచే చదువుతుంది. ఆ జాబితాను ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే పరీక్ష మొదలవకముందే నంబర్లు చెడిపోతాయి. పదమూడంకెల సమయాన్నేమో 1.7453 అని చూపి పక్కన పది ఘాతం పన్నెండు పెడుతుంది. అసలు సంఖ్య లోపల భద్రంగానే ఉంటుంది. కానీ అదే ఫైలును సీఎస్‌వీగా తిరిగి సేవ్ చేశారా, తెర మీద కనిపించినదే రాసేస్తుంది, మిల్లీసెకన్లు మాయం. అందుకే అసలు ఫైలును ముట్టుకోకుండా దాని నకలు మీదే పనిచేయడం ఈ వృత్తిలో మొదటి క్రమశిక్షణ.

సమయాన్ని మనిషి చదివేలా మార్చే లెక్క చాలా అందంగా ఉంటుంది. రోజుకు 8,64,00,000 మిల్లీసెకన్లు. మొదటి గడిని దానితో భాగిస్తే 1970 నుంచి ఎన్ని రోజులో వస్తుంది. ఎక్సెల్ తన రోజులను 1900 నుంచి లెక్కపెడుతుంది, దాని లెక్కలో 1970 జనవరి 1 అంటే 25,569. అది కలపాలి. మన దేశ సమయానికి ఇంకా 5.5/24 కలపాలి. నమూనాలోని 1745303400000ను ఇలా మారిస్తే సరిగ్గా 45,769.5 వస్తుంది. పూర్ణాంకం 2025 ఏప్రిల్ 22, ఆ చివరి అర రోజు మధ్యాహ్నం పన్నెండు. గడికి తేదీ రూపం ఇవ్వగానే ఫలితాలు విడుదలైన రోజు కళ్లముందుకొస్తుంది.

గడుల పేర్లు, పేజీల పేర్లు తెలుగులో పెట్టుకుంటే ఇంకో మలుపు ఉంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. ఫైలు మొదట్లో ఆ సంగతి చెప్పే మూడు బైట్ల గుర్తు లేకపోతే, రెండుసార్లు క్లిక్ చేసి తెరిచినప్పుడు ఎక్సెల్ ఒక్కో బైటునూ ఒక్కో లాటిన్ అక్షరంగా చదివి, 'ఫలితాల పేజీ' బదులు నెత్తిన గీతలున్న అక్షరాలూ డిగ్రీ గుర్తులూ చల్లుతుంది. ఫైలు చెడలేదు, చదివిన తీరే తప్పు. డేటా మెనూలోంచి దిగుమతి చేస్తూ యూటీఎఫ్-8 ఎంచుకుంటే అక్షరాలు కుదురుగా వస్తాయి. హాల్ టికెట్ల జాబితాను తెరిచేటప్పుడు ఆ తెరలోనే నంబరు గడిని సంఖ్య కాదు, అక్షరాలు అని చెప్పుకోవచ్చు. లిబ్రేఆఫీస్ కాల్క్ ఈ ప్రశ్నలన్నీ తెరిచేముందే అడుగుతుంది. ఆ ఒక్క మర్యాదకే చాలామంది దాన్ని దగ్గర ఉంచుకుంటారు.

ఎక్సెల్ షీటులో వరుసలు 10,48,576కు మించవు. చాలా పెద్ద సంఖ్యలా ఉంటుంది. సెకనుకు 300 రిక్వెస్టుల చొప్పున గంట నడిపితే 10,80,000. హెడర్‌కు ఒక వరుస పోగా 31,425 వరుసలు బయటే ఉండిపోతాయి. సెకన్లలో చెప్పాలంటే చివరి 105. బరువు పెంచుకుంటూ పోయిన పరీక్షలో ఆ చివరి పావు తక్కువ రెండు నిమిషాలే అసలు పరీక్ష. ఫైలు పూర్తిగా తెరుచుకోలేదని ఎక్సెల్ హెచ్చరిస్తుంది, చాలామంది ఓకే నొక్కి ముందుకు పోతారు. అలాంటప్పుడు పవర్ క్వెరీతో వరుసలను షీటులో పరచకుండానే నిమిషాలవారీగా పోగేయడం మేలు. లేదా జేమీటర్ అగ్రిగేట్ రిపోర్టులో ఆ ఫైలునే తెరిచి, పేజీకొక వరుసగా కుదించిన పట్టికను మళ్లీ సీఎస్‌వీగా దించుకోవచ్చు. అందులో సగటు, మధ్యస్థం, తొంభై, తొంభై ఐదు, తొంభై తొమ్మిది పర్సంటైళ్లు, తప్పుల శాతం, సెకనుకెన్ని తీరాయన్న లెక్క సిద్ధంగా ఉంటాయి.

పర్సంటైళ్లు ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఎక్సెల్ రెండు విలువల మధ్య పడ్డప్పుడు వాటి మధ్య దూరాన్ని పంచి జవాబిస్తుంది. జేమీటర్ వెబ్ పేజీగా తయారుచేసే డాష్‌బోర్డు మెమరీ పొదుపు కోసం మామూలుగా 20,000 వరుసల కిటికీ జరుపుకుంటూ పర్సంటైల్ అంచనా కడుతుంది. ఆ కిటికీని పెద్దది చేసుకునే సెట్టింగూ ఇచ్చారు. పట్టుదల ఉన్నవాళ్లు అసలు వరుసల మీద తామే లెక్క వేసుకోవచ్చు, ఆ అవకాశం ఫైలు ఎప్పుడూ మూసేయలేదు.

అన్నీ సర్దుకున్నాక పివట్ టేబుల్‌లో నిమిషానికొక వరుస, ఎదురుగా పనిలో ఉన్న విద్యార్థుల సంఖ్య, తొంభై ఐదో పర్సంటైల్. పర్సంటైల్‌ను పివట్ తనంతట తాను ఇవ్వదు, పక్క కాలమ్‌లో ఫార్ములా రాసుకోవాలి. వాటితో గ్రాఫు గీస్తే గీత కొంతసేపు నేలబారుగా పోతుంది, ఒకచోట మోచేయిలా వంగి పైకి లేస్తుంది. ఆ వంపు దగ్గర విద్యార్థుల సంఖ్య ఎంతో చూస్తే సర్వర్ హాయిగా మోయగలిగిన బరువు అదేనని తెలుస్తుంది. అదే చోట కనెక్ట్ కాలమ్ కూడా లేచిందా, కేవలం లేటెన్సీ లేచిందా అన్నది తర్వాతి ప్రశ్న. కనెక్ట్ లేస్తే తలుపు ఇరుకైంది, లంకెల పరిమితి చూసుకోవాలి. కనెక్ట్ నిలకడగా ఉండి లేటెన్సీ మాత్రం లేస్తే ఇంటి లోపల ఆలస్యం, డేటాబేస్ వైపు వెళ్లాలి. ముందు ఒకే క్షణంలో మొదలైన మూడు గడియారాలు ఇక్కడ అక్కరకొస్తాయి.

కనిపించే వరుసలతో పాటు కనిపించని వరుసలనూ చదవాలి. సర్వర్ ఇరవై సెకన్లు మొద్దుబారిందనుకుందాం. ఉత్తుత్తి విద్యార్థులు ఐదు వందల మందీ జవాబు కోసం కూర్చుంటారు, కొత్త రిక్వెస్టులు పంపరు. ఫైలులో ఆ ఇరవై సెకన్లకు గుర్తుగా మిగిలేది 500 నెమ్మది వరుసలే. బయట నిజం విద్యార్థులు సెకనుకు 300 మంది చొప్పున వస్తూనే ఉండి ఉంటే, ఆ వ్యవధిలో 6,000 మంది చిక్కుకునేవారు. ఈ మాయను గిల్ టెనే అనే ఇంజనీరు కోఆర్డినేటెడ్ ఒమిషన్ అని పిలిచి ప్రపంచం దృష్టికి తెచ్చాడు. పర్సంటైళ్లు దీన్ని దాచేస్తాయి. విడి వరుసల ఫైలు దాచదు. సెకనుకెన్ని రిక్వెస్టులు బయలుదేరాయో లెక్కపెట్టి గీసిన గ్రాఫులో ఆ ఇరవై సెకన్లు గొయ్యిలా కనిపిస్తాయి. కొలత పరికరానికే ఉన్న లోపాన్ని పట్టుకునే ఆధారం అది రాసిపెట్టిన ఫైలులోనే దొరుకుతుంది. బయలుదేరిన సమయాన్ని ప్రతి వరుసలోనూ మొదటి గడిగా ఉంచడం వల్లే ఇది సాధ్యమైంది.

పని ముగిశాక ఈ ఫైలును జిప్ చేసి దాస్తారు. అవే పేర్లు, అవే చిరునామాలు లక్షలసార్లు తిరిగి రావడంతో బాగా చిన్నదవుతుంది. పేరులో తేదీ, విద్యార్థుల సంఖ్య, సర్వర్‌లో ఆ రోజు మార్చిన సెట్టింగు రాస్తారు. వారం తర్వాత డేటాబేస్‌కు ఒక ఇండెక్స్ జోడించి పరీక్ష మళ్లీ నడిపినప్పుడు, రెండు ఫైళ్లనూ ఒకే షీటులో పక్కపక్కన పెట్టి గ్రాఫులోని ఆ మోచేయి వంపు ఎంత దూరం జరిగిందో కొలుస్తారు.